రిజిస్టరులో లేని పేర్లు

బ్యాంకులో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. కాగితం మీద ఉన్నదే ఉన్నట్టు, లేనిది లేనట్టు కనిపిస్తుంది. సంతకం కలిస్తే మనిషి నిజం. కలవకపోతే ఎదురుగా నిలబడ్డ మనిషి మీద కూడా అనుమానమే. ఈ జబ్బు కౌంటరు దగ్గర మంచిదే, నలుగురి సొమ్మూ కాపాడుతుంది. దాన్ని ఇంటికి, అక్కణ్ణుంచి గుడికి తీసుకువెళ్ళినప్పుడే చిక్కు. నేను తీసుకువెళ్ళాను. ఆ సంగతే రాస్తున్నాను.

నేను బి.కాం. చదివినవాణ్ణి. వేదాంత కళాశాల గడప తొక్కలేదు. కనుక కృపావరాలనీ, సంఘ నాయకత్వమనీ పెద్ద మాటలు వాడబోతున్నందుకు తెలిసినవారు మన్నించాలి. క్రైస్తవులు కాని పాఠకులు కూడా విసుక్కోకుండా చదువుతారని ఆశ. సంఘం అన్న చోట మీ తెలుగు సమాజమనో, భజన మండలి అనో, కుల సంఘమనో పెట్టుకుని చదివినా కథ పెద్దగా మారదు.

2011లో బదిలీ మీద భివండీ వచ్చాను. థానా దాటి అంజూర్ ఫాటా మలుపు తిరిగి ఊళ్ళోకి వస్తే చాలు, సాంచాల చప్పుడు మొదలవుతుంది. మరమగ్గాన్ని ఇక్కడి మనవాళ్ళు సాంచా అంటారు. రాత్రీ పగలూ ఆ చప్పుడే. కరెంటు పోయి అది ఆగినప్పుడు నిద్రలో ఉన్న పిల్లలు ఉలిక్కిపడి లేస్తారు. కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు జిల్లాల నుంచి తరాల కిందట వచ్చిన తెలుగువాళ్ళు పద్మనగర్‌లో, కామత్‌ఘర్‌లో, చుట్టుపక్కల గల్లీల్లో ఉన్నారు. ఎక్కువమంది పద్మశాలీలు. వాళ్ళతో పాటు సాంచాల పనికి ఇతర కులాలవాళ్ళూ వచ్చారు. వాళ్ళలో కొద్దిమంది క్రైస్తవులు.

మా సంఘం చిన్నది. ఒక సైజింగు కార్ఖానా వెనుక, గోదాము మీద మేడగది అద్దెకు తీసుకున్నాం. నలభై కుటుంబాలుంటాయి. అయితే ఆ నలభై కుటుంబాలూ ఒకే రకం క్రైస్తవులు కావు. మా ఇంటివాళ్ళం డోర్నకల్ వైపు సి.ఎస్.ఐ. వాళ్ళం. నల్లగొండ వాళ్ళు బాప్టిస్టులు. పాలమూరు వాళ్ళు మెన్నోనైటులు. కొందరు హైదరాబాదు హెబ్రోను సంఘాల నుంచి వచ్చారు. కొందరు పెంతెకొస్తు వాళ్ళు. సొంత ఊళ్ళలో అయితే ఒకరి గుడి మెట్టు ఒకరు ఎక్కేవాళ్ళం కాదేమో! ఇక్కడ తెలుగులో పాట పాడుకోవడానికి ఉన్నది ఒక్క మేడగది. భాష మమ్మల్ని కలిపింది. పెద్దరికం ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఏటేటా మమ్మల్ని విడదీయబోయేది.

ఈ ప్రశ్నకు ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క జవాబు ఉంది. మా సి.ఎస్.ఐ. వాళ్ళకు బిషప్పు గారు తలమీద చేయి పెట్టి అభిషేకించినవాడే గురువు. బాప్టిస్టులకు సంఘమంతా కూర్చుని ఓటు వేసి ఎన్నుకోవాలి. హెబ్రోను వాళ్ళకు పాస్టరు అనే ఉద్యోగమే లేదు, ఆత్మ నడిపించిన కొందరు పెద్దలు కలిసి నడపాలి. ఆ సంఘాలకు మూలపురుషుడు భక్తసింగ్ గారు పంజాబు సిక్కు కుటుంబంలో పుట్టి, విదేశాల్లో ఇంజనీరింగు చదివి, 1933లో బొంబాయి రేవులో దిగి, ఊరూరా తిరిగి ప్రసంగించి, 2000లో హైదరాబాదులో కన్నుమూశారు. ఇక పెంతెకొస్తు వాళ్ళకు వరం బయటికి కనబడాలి, వినబడాలి. భాషలు మాట్లాడటం, ప్రవచించటం, రోగుల మీద చేయి వేస్తే స్వస్థత కలగటం. వీటికన్నిటికీ బైబిల్లోనే వచనాలున్నాయి. అందుకే వాదన తెగదు.

ఆ వాదనల మధ్య 2017లో అందరికీ నచ్చిన ఒకే ఒక్క పని జరిగింది. నన్ను కార్యదర్శిని, కోశాధికారిని చేశారు. నాలో ఏ వరం చూసి చేశారని ఎవరూ అడగలేదు. "బ్యాంకు సారు ఉన్నాడు గద" అన్నారు. అంతే. గుడిలో అందరూ ఒకరినొకరు అన్నా, అక్కా, తమ్మీ అని పిలుచుకుంటారు. నన్ను మాత్రం సారు అంటారు. అప్పట్లో అది గౌరవమనే అనుకున్నాను.

పదవి చేతికి రాగానే నేను చేసిన మొదటి పని నియమావళి రాయడం. ఓటు వేయాలన్నా, కమిటీకి నిలబడాలన్నా సంవత్సరంలో సగం ఆదివారాలైనా ఆరాధనకు హాజరై ఉండాలి. నెలచందా మూడు నెలలకు మించి బకాయి ఉండకూడదు. ఎర్ర అట్ట రిజిస్టరు ఒకటి కొన్నాను. గీతలు గీశాను. పేరు, ఇంటి పేరు, హాజరు, చందా. బ్యాంకులో ఏ ఆడిటరు చూసినా మెచ్చుకునేటట్టు ఉండేది. డబ్బు గొడవలు ఆగిపోయాయి. నా మనసులో కొంచెం గర్వం కూడా ఉండేది.

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉంది. నల్లగొండ వైపు మనిషి. అరవై దాటాయి. భర్త పోయాడు. సాంచాల కార్ఖానాలో కండెలు చుడుతుంది. నాడెలో పెట్టే పేక నూలును చిన్న కండెల మీదికి చుట్టే పని అది. ఎన్ని చుడితే అంత కూలి. ఆమె కార్ఖానాకు సెలవు శుక్రవారం. ఆదివారం పని. అందుచేత ఆరాధనకు ఎప్పుడో గాని రాదు. శుక్రవారం నాడు మాత్రం గల్లీ గల్లీ తిరుగుతుంది. జ్వరం వచ్చిన ఇంట్లో కూర్చుంటుంది, బాలింతకు నీళ్ళు కాచి పోస్తుంది, తాగి పడిపోయినవాణ్ణి తిట్టి లేపుతుంది, చివర కళ్ళు మూసుకుని రెండు మాటలు ప్రార్థన చేస్తుంది. ఆమె ప్రార్థనతో రోగాలు నయమయ్యాయని నేను రాయను, నాకు తెలియదు. ఆమె వెళ్ళి వచ్చిన ఇంట్లో ఆ పూట పొయ్యి వెలిగేదని మాత్రం చాలామంది చెప్పగా విన్నాను.

2018 డిసెంబరులో కమిటీ ఎన్నికకు సాంచాలు బాగుచేసే జాబరు కుర్రాడొకడు ఆమె పేరు ప్రతిపాదించాడు. నేను రిజిస్టరు తిప్పాను. యాభై రెండు ఆదివారాల్లో ఆమె వచ్చినవి పదకొండు. చందా ఐదు నెలలు బకాయి. స్కేలు పెట్టి ఆ పేరు మీద గీత కొట్టాను. కుర్రాడు ఏదో అనబోతే నియమావళి చూపించాను. ఎవరి మీదా కోపంతో చేసిన పని కాదది. లెక్క ప్రకారం చేశాను. లెక్క ప్రకారం చేసిన తప్పు తప్పులా కనబడదు. అదే దాని ప్రమాదం.

తర్వాత సంవత్సరం గడిచింది. 2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్ పెట్టారు. భివండీలో సాంచాలు ఆగిపోయాయి. ఇంత నిశ్శబ్దాన్ని నేను ఆ ఊళ్ళో ఎన్నడూ వినలేదు. సాంచా ఆగితే కూలి ఆగుతుంది. నెల జీతం కాదు కదా, మీటర్ల లెక్క, కండెల లెక్క. బ్యాంకు అత్యవసర సేవ గనుక నాకు రోజూ పనికి వెళ్ళే పాసు ఉండేది. సంఘం ఖాతాలో కొంత సొమ్ము ఉంది. కమిటీ వాళ్ళం ఫోన్లలో మాట్లాడుకుని బియ్యం, కందిపప్పు, నూనె కొని ఇంటింటికీ పంచాలని నిర్ణయించాం. జాబితా తయారు చేసే పని నాది. రిజిస్టరు ముందు పెట్టుకుని అరగంటలో రాసేశాను.

రెండో రోజు సాయంత్రం మాస్కు బదులు కొంగు మూతికి అడ్డం పెట్టుకుని పెద్దమ్మ మా ఇంటి మెట్ల కింద నిలబడింది. ఆమెకు చదవటం రాదు. జాబితా చదివి వినిపించమంది. వినిపించాను. వేళ్ళు మడుస్తూ విన్నది.

"సారూ, గీ కాగితంల ముగ్గురు లేరు" అన్నది.

"ఎవరు పెద్దమ్మా?"

"సైజింగు ఎనక గల్లీల ఉండే ముసలామె లేదు. బీములు మోసేటాయన మొన్న దసరాకు పాయె గద, ఆయన పెండ్లాం లేదు. మా కార్ఖానల కండెలు సుట్టే ఇంకొకామె లేదు. ముగ్గురూ మొగడు లేనోళ్ళే."

"వాళ్ళ పేర్లు మన రిజిస్టర్లో లేవు కదా" అన్నాను.

"రిజిస్టర్ల లేకుంటే ఆకలి కాదా సారూ?"

ఆ మాట ఆమె కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగినట్టుంది. నాకు జవాబు దొరకలేదు. మర్నాడు మూడు సంచులు ఎక్కువ కట్టించాం. తర్వాత తెలిసింది, ముగ్గురు కాదు, అలాంటి ఇళ్ళు ఇంకో నాలుగున్నాయని. ఆదివారం పనికి వెళ్ళేవాళ్ళు, చందా కట్టలేక మొహం చాటేసినవాళ్ళు. అందరూ పెద్దమ్మకు తెలుసు. నాకు ఒక్కరూ తెలియదు.

ఆ రాత్రి నిద్ర పట్టక బైబిలు తీసి అపొస్తలుల కార్యాలలో ఆరో అధ్యాయం చదివాను. చిన్నప్పటి నుంచి తెలిసిన కథే. యెరూషలేములో మొదటి సంఘంలో రెండు భాషలవాళ్ళు ఉండేవారు. స్థానిక భాష మాట్లాడే యూదులు, బయటి దేశాల్లో పెరిగి వచ్చి గ్రీకు మాట్లాడే యూదులు. అంటే ఈ రెండోవాళ్ళు మనలాంటి వాళ్ళు, భాష చేత అల్పసంఖ్యాకులు. రోజూ జరిగే అన్నవస్త్రాల పంపకంలో తమ విధవరాళ్ళను విడిచిపెడుతున్నారని వాళ్ళు సణిగారు. ఎవరో దుర్మార్గం చేశారని అక్కడ రాయలేదు. బహుశా పంచేవాళ్ళకు ఆ గల్లీ తెలియదు. వాళ్ళ చేతిలోనూ ఏదో జాబితా ఉండి ఉంటుంది.

అప్పుడు అపొస్తలులు ఏం చేశారు? మీలో మంచి పేరున్న ఏడుగురిని మీరే చూసుకోండి అని సంఘానికే చెప్పారు. ఎన్నికైన ఏడుగురి పేర్లూ గ్రంథంలో ఉన్నాయి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. అంటే బహుశా, ఫిర్యాదు చేసిన వాళ్ళ చేతికే ధాన్యం గది తాళాలు ఇచ్చారన్నమాట. సంఘంలో మొదటిసారి ఒక కొత్త బాధ్యత పుట్టింది సింహాసనం కోసం కాదు, ఆకలితో ఉన్న కొందరు ముసలివాళ్ళ పేర్లు లెక్కలోకి రాకపోవడం వల్ల. ఇన్నేళ్ళు ఈ కథను నేను స్తెఫను వైపు నుంచే చదివాను. ఆ రాత్రి జాబితా రాసినవాడి వైపు నుంచి చదివాను.

అక్కణ్ణుంచి పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక తీశాను. పన్నెండో అధ్యాయంలో వరాల పట్టిక ఉంది. పౌలు కూడా చేతిపని మనిషి, డేరాలు కుట్టేవాడు. కొరింథులో అతనికి పని, నీడ ఇచ్చిన అకుల, ప్రిస్కిల్ల దంపతులదీ అదే వృత్తి. క్లౌదియ చక్రవర్తి యూదులను రోమునుంచి వెళ్ళగొడితే పొట్ట చేతబట్టుకుని వచ్చినవాళ్ళు. వలస, పని, ఒకే ఇంట్లో కార్ఖానా, ప్రార్థన. భివండీలో ఉన్నవాడికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. కొరింథు సంఘంలో జరిగిన తగాదా కూడా మాదే. ఎవరి వరం గొప్పది? ఎవరు పెద్ద?

పౌలు జవాబు లోకానికంతా తెలిసినదే. శరీరం ఒకటి, అవయవాలు అనేకం. కన్ను చేతితో నువ్వు అక్కరలేదు అనలేదు. అయితే ఆ పట్టిక చివర ఒక వరస ఉంది. నేను ఎప్పుడూ దాని మీద నిలవలేదు. స్వస్థతల తర్వాత ఉపకారాలు, ఆ తర్వాత పరిపాలన, చివరికి భాషలు. మన తెలుగు బైబిల్లో ప్రభుత్వములు అని తర్జుమా చేసిన మాటకు గ్రీకులో ఓడ చుక్కాని పట్టడం అని అర్థమట. పరిపాలన కూడా వరమే, సందేహం లేదు. లెక్కలు రాసేవాడికీ ఆ పట్టికలో చోటుంది. కానీ మొదట ఉపకారం, ఆ వెనుక పరిపాలన. ఓడలో మనుషులు ఎక్కిన తర్వాత కదా చుక్కాని సంగతి! నేను చుక్కాని గట్టిగా పట్టుకుని, ఎక్కవలసినవాళ్ళను ఒడ్డున వదిలేశాను.

వరం అంటే జీతం కాదు, ప్రమోషను కాదు. ఊరికే ఇచ్చినది. అందరి ప్రయోజనం కోసం ఇచ్చినదని పౌలే అంటాడు. మా బ్యాంకు భాషలో చెప్పాలంటే ఖాతా ఒకరి పేరున ఉంటుంది గాని సొమ్ము ఆ ఒక్కరిదీ కాదు. పదవి ఇచ్చి వరం పుట్టించలేం. ఉన్న వరానికి అడ్డం రాకుండా ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక తాళంచెవి ఏర్పాటు చేయడమే పదవి పని. నా పదవి దానికి గీత కొట్టింది.

మన తెలుగు నేల మీద ఈ సంగతి కొత్తది కాదు. ఒంగోలు ప్రాంతంలో ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి ఉండేవాడు. యోగ మార్గంలో గురువుల వెంట తిరిగి, జనం మాట వినే మనిషిగా పేరు తెచ్చుకున్నాడు. 1866లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అతనికి బాప్తిస్మం ఇచ్చాడు. పల్లెపల్లెకూ ఆ మతాన్ని నడిపించింది పేరయ్యలాంటి వాళ్ళ కాళ్ళే. కరువు రోజులు గడిచాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజున 2222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని ఇచ్చారు. పేరయ్యకు పెద్దరికం మిషను ఇవ్వలేదు. ఉన్న పెద్దరికాన్ని మిషను గుర్తుపట్టింది.

మా తాతగారు డోర్నకల్ అధ్యక్ష మండలంలో పల్లెటూరి ఉపదేశి. వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారి కాలం అది. తిరునెల్వేలి తమిళుడు ఆయన. మన దగ్గరికి వచ్చి తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే చనిపోయారు. అంత పెద్ద పీఠంలో ఉన్నా ఆయన నమ్మిన సూత్రం ఒక్కటే. సువార్త పని జీతగాళ్ళది కాదు, బాప్తిస్మం పొందిన ప్రతి ఒక్కరిదీ. కూలివాళ్ళ చేత, చదువురాని ఆడవాళ్ళ చేత తమ తల మీద తామే చేయి పెట్టించి, ఈ బాధ్యత నాదే అని పలికించేవారట. బిషప్పు చేయి తలమీద పడితేనే గురువు అని వాదించే నేను, నా బిషప్పే ఎవరి తల మీద ఎవరి చేయి పెట్టించాడో మరిచిపోయాను.

ఇంకొక సంగతి ఈ ఊరిదే. భివండీ 1970లో, 1984లో మత కల్లోలాలతో కాలిపోయిన ఊరు. 1988లో డిప్యూటీ పోలీసు కమిషనరుగా వచ్చిన సురేశ్ ఖోపడే అనే అధికారి మొహల్లా కమిటీలు పెట్టించాడు. గల్లీకి చెందిన హిందువులు, ముస్లిములు, సాంచాల మీద పనిచేసేవాళ్ళు, చిన్న దుకాణాలవాళ్ళు పోలీసులతో కలిసి కూర్చుని మాట్లాడుకునేవారు. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో పక్కన బొంబాయి మండుతుంటే భివండీ చల్లగా ఉంది. ఈ ఊరి పాతకాపులు ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటారు. ఊరిని కాపాడింది పెద్ద నాయకుల ఉపన్యాసాలు కాదు. ఏ గల్లీలో ఎవరి మాట చెల్లుతుందో గుర్తుపట్టి, వాళ్ళకు ఒక కుర్చీ వేయడం. మతం వేరైనా సూత్రం అదే.

2022లో మళ్ళీ సర్వసభ్య సమావేశం పెట్టుకున్నాం. నియమావళి మార్చాలని నేనే ప్రతిపాదించాను. నాలుగేళ్ళ కిందట నేనేం చేశానో లేచి నిలబడి చెప్పాను. చెమటలు పట్టాయి. శుక్రవారం చేసే పరామర్శను కూడా హాజరుగా లెక్కించాలి. చందా బకాయి కారణంగా ఎవరి పేరూ తీసేయకూడదు. ఎవరి పేరు ప్రతిపాదించినా ఆ మనిషి ఇప్పటికే ఏ పని చేస్తున్నాడో, చేస్తున్నదో చెప్పాలి. ఇవి నా మూడు మార్పులు.

మొదటి రెండింటికీ అంతా ఒప్పుకున్నారు. పెద్దమ్మ పేరు రాగానే మేడగది వేడెక్కింది. ఒక పెద్దాయన, "పెద్దకు బోధించే సామర్థ్యం ఉండాలని తిమోతి పత్రికలో లేదా? చదువే రాని మనిషి ఏం బోధిస్తది?" అన్నారు. కొట్టిపారేయవలసిన ప్రశ్న కాదది. ఇంకొకాయన స్త్రీలు సంఘంలో అధికారం చేయరాదన్న వచనం చదివారు. నేను కెంక్రేయ సంఘపు పరిచారకురాలు ఫీబే సంగతి, అపొల్లో అంతటి పండితుణ్ణి భర్తతో కలిసి కూర్చోబెట్టి సరిదిద్దిన ప్రిస్కిల్ల సంగతి చెప్పాను. 2013లో నంద్యాలలో ఎగ్గోని పుష్పలలిత గారు బిషప్పు అయ్యారనీ, దక్షిణ ఇండియా సంఘంలో ఆ పీఠం ఎక్కిన మొదటి స్త్రీ మన తెలుగావిడేననీ చెప్పాను. "మీ సి.ఎస్.ఐ. వాళ్ళు ఏమన్న జేస్తరు" అన్నారాయన. అందరూ నవ్వారు గాని ఆయన నవ్వలేదు.

చివరికి రాజీ కుదిరింది. పెద్ద అనే పేరు కాకుండా పరిచారకురాలు అనే పేరుతో పెద్దమ్మ కమిటీలో కూర్చుంటుంది. అది నాకు పూర్తిగా నచ్చిన పరిష్కారం కాదు. అయినా ఒప్పుకున్నాను. ఆ రోజు నవ్వని పెద్దాయన కుటుంబం తర్వాత రెండు నెలలకు కల్యాణ్‌లో వేరే సంఘానికి వెళ్ళిపోయింది. మంచి కుటుంబం. ఆయన కంఠం బాగుండేది. ఆయన పాడిన పాటలు ఇప్పుడు మేం శ్రుతి లేకుండా పాడుకుంటున్నాం. ఒక వరాన్ని గుర్తించబోయి ఇంకొకటి పోగొట్టుకున్నామా అని అప్పుడప్పుడు అనిపిస్తుంది. దీనికి నా దగ్గర జవాబు లేదు.

నేను కార్యదర్శి పని మానుకుంటానన్నాను. పెద్దమ్మే వద్దన్నది. "లెక్క నాకు రాదు సారూ. మీరు రాయిండ్రి. నేను జెప్త" అన్నది. అలాగే జరుగుతోంది.

కమిటీ సమావేశంలో ఆమె ఎక్కువ మాట్లాడదు. తీర్మానాలు చదువుతుంటే ఒక్కోసారి కునుకు తీస్తుంది కూడా. పగలంతా కండెలు చుట్టిన మనిషి. కానీ సమావేశం మొదలు కాగానే ఒక ప్రశ్న తప్పకుండా అడుగుతుంది. నేను ఎంతమంది వచ్చారో చెప్పడంతో మొదలుపెట్టేవాణ్ణి. ఆమె, "ఎవరెవరు రాలే?" అంటుంది. ఆ జవాబు చెప్పడానికి నాకు అరగంట పడుతుంది. ఎందుకు రాలేదో, ఎవరు చూసివచ్చారో కూడా చెప్పాలి. లేకపోతే ఊరుకోదు.

ఎర్ర అట్ట రిజిస్టరు నిండిపోయింది. ఈ జనవరిలో కొత్తది కొన్నాను. పాత గీతలే గీశాను. పేరు, ఇంటి పేరు, హాజరు, చందా. చివర ఒక గడి ఎక్కువ గీసి, రానివారిని చూసివచ్చినది ఎవరు అని రాసుకున్నాను. మొదటి నెలలో ఆ గడి నిండా ఒక్క పేరే ఉంది. మార్చి నెలలో జాబరు కుర్రాడి పేరు రెండుసార్లు వచ్చింది. నా పేరు ఒకసారి వచ్చింది.